దీపావళి వానల లోపే: పాత పెట్రోల్ బంకు స్థలంలో నేల ఆవిరి పరీక్ష

చెన్నైలో మూతపడ్డ పెట్రోల్ బంకు జాగాలో ఫ్లాట్ కొంటున్నారా, ఇల్లు కడుతున్నారా? ‘ట్యాంకులు ఎప్పుడో తీసేశాం సార్’ అంటాడు పాత ఓనరు. తీసే ఉండొచ్చు. కానీ ట్యాంకు పోయినంత మాత్రాన కిందకి కారిన పెట్రోలు పోదు. మట్టి సందుల్లో ఆవిరై, పునాది పగుళ్లలోంచి గదుల్లోకి ఎక్కి రాగలదు. అందులో ఉండే బెంజీన్ క్యాన్సర్ తెచ్చేది. 2013లో తండయార్‌పేటలో పైపులైను లీకై బోరు నీళ్లలో నూనె తేలడం ఉత్తర చెన్నై వాళ్లకి ఇంకా గుర్తే. అడ్వాన్సు ఇచ్చేముందే సాయిల్ వేపర్ టెస్ట్, అంటే మట్టి సందుల్లోని గాలిని గొట్టంతో లాగి అందులో ఏముందో కొలిచే పరీక్ష, చేయించండి.

చేయించేది సెప్టెంబరులోపు చేయించండి. అక్టోబరు మధ్యలో ఈశాన్య రుతుపవనాలు దిగాయంటే డిసెంబరు దాకా ఇక్కడ నేల ఆరదు. మట్టి సందులు నీళ్లతో నిండితే ఆవిరి కదలదు, రిపోర్టులో అంకె తక్కువగా వస్తుంది, అందరూ సంతోషిస్తారు. అరంగుళం వాన పడితే 5 రోజులు ఆగమని కాలిఫోర్నియా మార్గదర్శకాలు చెబుతాయి. మన బంకమట్టికి అది కూడా చాలదనే నా అభిప్రాయం.

తవ్వేముందు పాత ప్లాను తెప్పించి ట్యాంకులు, పైపులు, కరెంటు కేబుళ్లు ఎక్కడున్నాయో చూసుకోండి. మొదటి ఐదడుగులు చేతి ఆగరుతోనే (చేత్తో తిప్పి మట్టి తొలిచే బరమా). గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. పైగా గాలి కంటే బరువు కాబట్టి గోతుల్లో పేరుకుంటుంది. గ్యాస్ మీటరు లేకుండా పని మొదలెట్టనివ్వద్దు. సిగరెట్లు, వెల్డింగ్ దగ్గరికి రానివ్వద్దు. ట్యాంకు ఇంకా లోపలే ఉంటే ‘కొంచెం దిగి చూస్తా’ అనేవాణ్ణి రెక్క పట్టి ఆపండి. ఒకడు పడిపోతే లాగడానికి ఇంకొకడు దిగుతాడు, ఇద్దరూ పోతారు.

అసలు తప్పులు జరిగేది నమూనా తీసేచోట. సన్నటి గొట్టం కొసని ఐదడుగుల లోతులో ఇసుకలో పెట్టి, పైన తడిపిన బెంటొనైట్‌తో (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి) బిగిస్తారు. బిగింపు వదులైతే గొట్టంలోకి వచ్చేది బయటి గాలే. అందుకే లీక్ టెస్ట్ మీ కళ్లముందే చేయమనండి: గొట్టం పైన బకెట్ బోర్లించి లోపలికి హీలియం వదిలి, లాగిన నమూనాలో హీలియం వస్తుందేమో చూస్తారు. వస్తే మళ్లీ బిగించాల్సిందే. పంపు కూడా నిదానంగా లాగాలి, నిమిషానికి 200 మిల్లీలీటర్లు దాటకూడదు. టెక్నీషియన్‌కి భోజనం టైమైందంటే ఈ లెక్క తప్పుతుంది! దారిలో బైకుకి పెట్రోలు పోయించుకుని వచ్చిన చేతులతో గొట్టం పట్టుకోనివ్వకండి, కొత్త గ్లవ్స్ వేయించండి. జనరేటరు ఉంటే దూరంగా, గాలి వాలున పెట్టించండి.

పెట్రోలు లాంటి ఆవిర్లని అక్కడికక్కడే కొలిచే, చేతిలో పట్టుకునే పీఐడీ మీటరు చూపించి ‘సున్నా ఉంది’ అంటే అక్కడితో ఒప్పుకోకండి. అది మీథేన్‌ని పట్టదు, చెన్నై ఉక్కలో రీడింగు ఇంకా తగ్గిస్తుంది. ఇప్పటి పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ మట్టిలో కుళ్లితే వచ్చేదే మీథేన్. కాబట్టి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ కూడా కొలవమనండి. ఆక్సిజన్ పడిపోయి కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఉంటే సూక్ష్మజీవులు దేన్నో తింటున్నట్టే, ఆ తిండి ఇంధనమే కావచ్చు. నేను ముందు ఆ రెండు అంకెలే చూస్తాను.

బయటి గాలిలో బెంజీన్‌కి మన దేశంలో ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు. మట్టిలో వచ్చిన అంకెను దానితో నేరుగా పోల్చి భయపడొద్దు, రెండూ వేరు. ఒక్క పాయింటు, ఒక్క రోజు రిపోర్టుతో సంతకం కూడా పెట్టొద్దు. ట్యాంకు ఉన్నచోట, పంపుల దగ్గర, ఇంటి పునాది వారగా విడివిడిగా తీయించి, వానలు వెనకబట్టాక ఇంకోసారి తీయించండి.

ఈలోగా సంపులోనో బేస్‌మెంటులోనో పెట్రోలు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా అందర్నీ బయటికి తీసుకొచ్చి 101కి ఫోన్ చేయండి.