పాత తోట ట్రాక్టరుకు సొంతంగా హైడ్రాలిక్ లిఫ్టు అమర్చడం ఎలా?

కోనసీమ కొబ్బరి తోటల్లో వరుసల మధ్య తిరిగే పాత చిన్న ట్రాక్టరుకు వెనుక బ్లేడును చేతి లీవరుతోనే ఎత్తాల్సి వస్తే, బోదెల్లో పూడిక మట్టి లాగిన రోజున సాయంత్రానికి నడిపేవారి భుజం లేవదు. దానికి హైడ్రాలిక్ అమర్చడం అంత కష్టమేమీ కాదు. అయితే బాగుచేయమని నా దగ్గరకు తెచ్చే బండ్లలో తప్పు దాదాపు ఎప్పుడూ ఒక్కచోటే, అంటే ఒత్తిడి హద్దు దాటగానే ఆయిలును టాంకుకు వదిలేసే రిలీఫ్ వాల్వ్ దగ్గరే కనిపిస్తుంది. కాబట్టి మిగతా పనులు క్లుప్తంగా చెప్పి అక్కడ ఆగుతాను. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే ఈ పని పెట్టుకోవాలి.

8 సీసీ (ఒక చుట్టుకు తోసే ఆయిలు) గేర్ పంపు, లోపలే రిలీఫ్ వాల్వ్ ఉన్న ఒక లీవరు స్పూల్ వాల్వ్ (ఆయిలు ఎటు పోవాలో మార్చేది), 50 మిల్లీమీటర్ల బోరు, 200 మిల్లీమీటర్ల స్ట్రోకు గల డబుల్ యాక్టింగ్ (ఆయిలు ఒత్తిడితో రెండు వైపులా కదిలే) సిలిండరు, 15 లీటర్ల టాంకు, రిటర్న్ ఫిల్టరు, 250 బార్ల (బార్ ఒత్తిడికి కొలత) గేజు, తీగ అల్లిక ఉన్న హోసులు, 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిలు చాలు. సిలిండరును పాత సామాన్ల దుకాణంలో తీసుకోవచ్చు, పంపు మాత్రం కొత్తదే కొనాలి. ఈ పంపు నిమిషానికి 1500 చుట్లు తిరిగితే ఆ నిమిషంలో సుమారు 12 లీటర్ల ఆయిలు తోస్తుంది, సిలిండరు రెండు సెకన్లలో పూర్తిగా సాగుతుంది. 100 బార్ల దగ్గర దాని తోపుడు దాదాపు రెండు టన్నులు కాబట్టి బ్లేడుకు అంతకన్నా అవసరం లేదు.

పంపు షాఫ్టుకే పుల్లీ బిగించి బెల్టుతో తిప్పేవారున్నారు. బెల్టు పక్కకు లాగే లాగుడుకు మామూలు గేర్ పంపు లోపలి బుష్‌లు అరిగిపోతాయి. పుల్లీని విడిగా రెండు బేరింగుల మీద నిలిపి, అక్కడి నుంచి కప్లింగు ద్వారా పంపును తిప్పండి. పంపు మీది బాణం గుర్తు ఎటు తిరగాలని చూపుతుందో ముందే చూసుకోండి. పంపుకు ఆయిలు తెచ్చే పైపు లావుగా, పొట్టిగా ఉండాలి. రిటర్న్ పైపు మూతి ఆయిలు మట్టానికి దిగువన ఉండకపోతే నురగ పుడుతుంది. సిలిండరు సాగినప్పుడు బ్లేడు లేచేలా బిగించండి. మరలకు తెల్ల టేపు చుట్టడం నేను ఒప్పుకోను. దాని పీచు వాల్వ్‌లోకి పోయి ఇరుక్కుంటుంది.

ఇక అసలు సంగతి. పంపుకూ రిలీఫ్ వాల్వ్‌కూ మధ్య గేజు తప్ప మరేదీ ఉండకూడదు, ముఖ్యంగా కుళాయి గాని క్విక్ కప్లరు (హోసును చేత్తో తగిలించి తీసే జోడు) గాని అసలు పెట్టకూడదు. అది మూసుకున్న క్షణాన ఆయిలు పోయే దారి లేక హోసో పంపో పగిలిపోతుంది. టాంకుకు తిరిగి వెళ్ళే లైనుకూ ఇదే నియమం వర్తిస్తుంది.

ఇంజను వేయకముందే రిలీఫ్ స్క్రూను దాదాపు పూర్తిగా వదులు చేయండి. కొత్త వాల్వ్ కదా, సరిగ్గానే ఉంటుందని అలాగే వదిలేయడమే అందరూ చేసే పొరపాటు. ఇంజనును నిదానంగా నడిపి, లీవరును అటూ ఇటూ కొన్నిసార్లు కదిపి గాలి వెళ్ళగొట్టి, తగ్గిన ఆయిలు మళ్ళీ పోయండి. ఆయిలు వెచ్చబడ్డాక సిలిండరును చివరిదాకా సాగదీసి, లీవరును మూడు నాలుగు సెకన్లు మాత్రమే పట్టుకుని గేజు చూడండి. తర్వాత లీవరు వదిలేసి, స్క్రూను పావు చుట్టు బిగించి, మళ్ళీ చూడండి. ఇలా ఓపికగా 100 బార్ల వరకు తెచ్చి లాక్ నట్ వేయండి. ఎక్కువసేపు పట్టుకుంటే ఆయిలు కాగిపోతుంది. బ్లేడు లేవడం లేదని స్క్రూను అడుగంటా బిగించేవారి చేతికి స్పానరు ఇవ్వకండి. స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోతే వాల్వ్ ఇక తెరుచుకోదు. బ్లేడు లేవనప్పుడు వెతకాల్సిన లోపం స్క్రూలో కాదు, పంపుకు వచ్చే పైపులో గాలి దూరడంలోనో సిలిండరు సీళ్ళు అరగడంలోనో ఉంటుంది.

కారుతున్నచోట వేలితో తడిమి చూడకండి. సూది మొన అంత రంధ్రం నుంచి వచ్చే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది; గాయం చిన్నగా కనిపించినా గంటలు గడవకముందే శస్త్రచికిత్స జరగాలి. అట్టముక్క అడ్డం పెట్టి, దాని మీద తడి చూసి కారేచోటు కనిపెట్టండి. లేపిన బ్లేడు కింద పని చేయాలంటే హోసును నమ్మకుండా దుంగ ఆనించండి.

మొదటి పది గంటల పని తర్వాత రిటర్న్ ఫిల్టరు మార్చాలి, ఎందుకంటే టాంకు వెల్డింగు రజను అంతా అక్కడికే చేరుతుంది. రాత్రిపూట బ్లేడును నేలకు దించి, రాడ్డు సిలిండరు లోపలే ఉండేలా నిలపండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి బయట మిగిలిన రాడ్డు తుప్పుపట్టి సీళ్ళను కోసేస్తుంది.