సర్రియలిస్టు శిల్పానికి వెల కట్టడం – 4వ పాఠం: రెండు సంవత్సరాల చిక్కు

ఈసారి పాటినా (కంచు మీద ఏర్పడే రంగు పొర) గురించి చెప్పాల్సింది. కిందటి అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక దాన్ని వాయిదా వేశాను. కరిగిన గడియారం ఆకారంలో కంచు శిల్పం, కలల్లాంటి వింత రూపాలు చేసిన సర్రియలిస్టుల్లో ఒకడైన డాలీ సంతకం, అడుగున 147/350 అనే అంకె (350 ప్రతుల్లో 147 అంకె వేసినది), పోత పోసినది 1984లో అని వివరాలు ఇచ్చి వెల అంచనా వేయమన్నాను. మిర్యాలగూడ నుంచి ఒకరు రెండు కోట్ల రూపాయలన్నారు. వనపర్తి జవాబు ఇంకా పైకి పోయింది. ఇద్దరి ఆధారమూ ఒకటే: 2010లో లండన్ సోథబీస్ వేలంలో శిల్పి జాకొమెట్టి ‘నడిచే మనిషి’కి 6.5 కోట్ల పౌండ్లు రావడం. హైదరాబాద్ హైవే పక్కన ఎకరం ధర విని దేవరకొండ గుట్టల్లో ఎకరానికి బేరం పెట్టినట్టుంది.

‘నడిచే మనిషి’ సంగతి త్వరగా ముగిస్తాను. జాకొమెట్టిని సర్రియలిస్టులు 1935లోనే తమ బృందం నుంచి వెలివేశారు. ‘నడిచే మనిషి’ 1960 నాటి రూపం. సర్రియలిస్టు జాకొమెట్టి కావాలంటే 1932 నాటి ‘గొంతు కోసిన స్త్రీ’ని చూడండి. పైగా 2010లో పాట ఖరారైన ధర 5.8 కోట్లే, మిగతాది కొన్నవారు వేలం సంస్థకు కట్టిన రుసుము. అంచనాను దేనితో పోల్చాలో రెండో పాఠంలో ఉంది, మళ్లీ చెప్పను.

నాకు చిరాకు తెప్పించిన తప్పు వేరే ఉంది. సగం మందికి పైగా ఆ కంచు శిల్పానికి ‘1931’ అని తేదీ వేశారు. కరిగే గడియారాల చిత్రాన్ని డాలీ 1931లో గీశాడు కాబట్టి ఆ ఆకారపు కంచూ 1931దే అనుకున్నారు. పోత పోసిన సంవత్సరాన్ని నేనే కాగితం మీద రాసి ఇచ్చినా!

పానగల్లు మ్యూజియంలో రాతి శిల్పం ముందు నిలబడి ఇది ఏ కాలానిదని అడిగితే జవాబు ఒక్కటే ఉంటుంది. అచ్చులో పోసినదానికి రెండుంటాయి: రూపం పుట్టిన సంవత్సరం, మీ చేతిలో ఉన్న ముక్క పోత పోసిన సంవత్సరం. మంచి కేటలాగులు రెండూ విడివిడిగా వేస్తాయి. ఆ ‘నడిచే మనిషి’ని పోత పోసింది 1961లో, శిల్పి బతికుండగానే. రెండు తేదీల మధ్య ఏడాదే తేడా, ఆ ధరకు అదీ ఒక బలం. డాలీ ‘సొరుగుల వీనస్’ 1936లో ప్లాస్టర్‌తో చేసినది. కంచు పోతలు 1964లో వచ్చాయి. ఇక మరో సర్రియలిస్టు మాన్ రే ఇస్త్రీపెట్టె. అడుగున మేకులు అతికించిన ఆ ‘కానుక’ 1921 నాటిది, అసలుది పోయింది. 1974లో 5,000 ప్రతుల ఎడిషన్ (ఒకే రూపానికి చేసిన ప్రతుల విడత) వచ్చింది. అమ్మకానికి ఒకటి వస్తే ‘1921’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది, 1974 ఎక్కడో చివర ఉంటుంది. మాన్ రే చనిపోయింది 1976లో. అంటే కళాకారుడు బతికుండగా చేసినది అన్న ముద్ర కూడా దానికి దొరుకుతుంది. ఆ ముద్రతో 5,000 కాస్తా ఐదు అయిపోదు. మన 1984 గడియారమూ అంతే. డాలీ 1989 దాకా ఉన్నాడు.

ఫ్రాన్స్ లెక్క ఇక్కడ పనికొస్తుంది. అక్కడ అసలు కంచుగా చెల్లేవి మొత్తం పన్నెండు: 1/8 నుంచి 8/8 దాకా ఎనిమిది, రోమన్ అంకెలు వేసిన కళాకారుడి ప్రతులు నాలుగు. 350 ఆ గీత దాటి చాలా దూరం పోయింది. అలాంటి ఎడిషన్ల బేరం మామూలుగా లక్షల్లో సాగుతుంది. ఇక 3/350 అయితే 147/350 కన్నా ఖరీదెక్కువా అని అడిగినవారికి: లేదు. ఆ అంకెలు పోత పోసిన వరుసను చూపాలన్న నియమమే లేదు.

నా పద్ధతి చెబుతాను. శిల్పం అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ చివర చదువుతాను. ముందు శిల్పాన్ని బోర్లించి పోతశాల ముద్ర వెతుకుతాను, తరువాత కొలత టేపు తీస్తాను. పూర్తయిన కంచు మీదనే అచ్చు తీసి మళ్లీ పోస్తే, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి, ఆ నకలు ఒకటి రెండు శాతం చిన్నదవుతుంది. 60 సెంటీమీటర్ల బొమ్మలో అది సెంటీమీటరు దాకా కనబడుతుంది. పీఠం మార్చితే ఎత్తు మారుతుంది కాబట్టి పీఠాన్ని కొలవకండి. మోచేయి నుంచి మోకాలు దాకా అన్నట్టు బొమ్మ మీదే రెండు బిందువులు పట్టుకోండి.

సూర్యాపేటలో పుట్టిన జి. రవీందర్ రెడ్డి చేసిన ఫైబర్‌గ్లాస్ తలలు సర్రియలిజమేనా అని ఒకరు అడిగారు. కాదు. కానీ ఫైబర్‌గ్లాస్‌కూ అచ్చు ఉంటుంది. ఎప్పుడు పోశారు, ఎన్ని పోశారు అన్నవి అక్కడా అడగాలి.

అభ్యాసం: మాన్ రే చేసిన, కంటి ఫోటో అతికించిన మెట్రోనోమ్ (సంగీతంలో లయ కొట్టే పరికరం). రూపం 1923ది, ఒక ప్రతి 1957లో ధ్వంసమైంది, 1965లో వంద ప్రతులు వచ్చాయి. వేలం సంస్థల పాత ఫలితాల్లో ఆ 1965 ఎడిషన్ అమ్మకాలు ఐదు వెతకండి. వేరే ఎడిషన్‌వి కొట్టేయండి, కొట్టేసినవాటి పక్కన కారణం రాయండి. రుసుము తీసేసి పాట ఖరారైన ధరలు వరుసగా వేయండి, తరువాత మీ అంచనా రాయండి: కింది హద్దు, పై హద్దు. ఒకే అంకె రాసి పంపితే చదవకుండా తిప్పి పంపుతాను.