నొప్పులకు మందు పెట్టిన రోజు నుంచి కుట్లు మానేదాకా

"రేపు అడ్మిట్ అవ్వండి, కాన్పు నొప్పులు రావడానికి మందు పెడదాం" అని డాక్టరు అనగానే, సాయంత్రానికల్లా బిడ్డ చేతికొస్తుందని ఇంట్లోవాళ్లు లెక్కేసుకుంటారు. తొలి కాన్పులో అలా జరగడం తక్కువ. ఒక పగలూ రాత్రీ పట్టొచ్చు, ఒక్కోసారి రెండు రోజులు. ఇది ముందే తెలియకపోతే పన్నెండో గంటకే "పిల్ల తట్టుకోలేకపోతోంది, ఆపరేషన్ చేసెయ్యండి" అన్న మాట మనవైపు నుంచే వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఆపరేషన్లే. దేశం మొత్తమ్మీద 21.5. ఈ తేడాలో మన తొందరకూ కొంత వాటా ఉందనే అనుకోవాలి.

ఒప్పుకునే ముందు రెండు సంగతులు అడగండి. మందు ఎందుకు? 41 వారాలు దాటడం, బీపీ, షుగరు, నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోవడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం సరైన కారణాలు. రెండోది, బిషప్ స్కోరు ఎంత? గర్భసంచి మూతి ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, మెత్తబడిందా, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత దిగింది అని చూసి 13కి వేసే మార్కులివి. 8 దాటితే శరీరం సిద్ధంగా ఉన్నట్టే. 6 లేదా అంతకన్నా తక్కువైతే ముందు మూతిని మెత్తబరచాలి. ఎక్కువ సమయం తినేది ఈ దశే.

దానికి డైనోప్రోస్టోన్ జెల్ 0.5 మిల్లీగ్రాములు లోపల పెడతారు. కాసేపు కదలకుండా పడుకోవాలి, లేకపోతే జారిపోతుంది. ఆరు గంటలకొకసారి, రోజుకు మూడుకు మించకూడదు. మిసోప్రోస్టాల్ అయితే 25 మైక్రోగ్రాముల మాత్ర, నోటి ద్వారా రెండు గంటలకొకటి. 200 మాత్రను ముక్కలు చేస్తే మోతాదు సరిగ్గా రాదు, 25 మాత్రే అడగండి. మొదటి కాన్పు ఆపరేషన్ అయినవాళ్లకు మిసోప్రోస్టాల్ ఇవ్వకూడదు, పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది. మందు లేని దారి బెలూన్. సన్నటి గొట్టం చివర 30 నుంచి 60 మిల్లీలీటర్ల సెలైన్ నింపి మూతిలో ఉంచుతారు. మూతి తెరుచుకున్నాక అదే జారి బయటికొస్తుంది, కంగారుపడక్కర్లేదు.

ఆ తర్వాత నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ డ్రిప్. చివరి జెల్‌కూ దీనికీ ఆరు గంటల ఎడం ఉండాలి. పది నిమిషాల్లో మూడు నాలుగు నొప్పులు రావాలన్నది లక్ష్యం. తోడున్నవాళ్లు ఫోను చూసి నొప్పి మొదలైన టైమ్ రాసుకోండి. పది నిమిషాల్లో ఐదు దాటితే వెంటనే సిస్టర్‌ని పిలవండి. నొప్పి వచ్చిన ప్రతిసారీ మాయకు రక్తం తగ్గుతుంది. మధ్యలో విరామం లేకపోతే బిడ్డకు ఆక్సిజన్ అందదు. డ్రిప్ ఆపితే కొద్ది నిమిషాల్లోనే దాని ప్రభావం తగ్గుతుంది. "తొందరగా అవుతుంది" అని డ్రిప్ చక్రాన్ని మీరు తిప్పకండి, ఎవరినీ తిప్పనివ్వకండి.

మందు పనిచెయ్యలేదని ఎప్పుడనాలి? తల్లీబిడ్డా బాగుంటే, ఉమ్మనీటి సంచి పగిలాక డ్రిప్ కనీసం 12 నుంచి 18 గంటలు నడిచినా కాన్పు సాగకపోతేనే. బిడ్డ గుండె వేగం 110 కన్నా తగ్గి కోలుకోకపోతే మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు, ముహూర్తం మాట అసలు ఎత్తకూడదు.

ఆపరేషన్‌కి ముందు చివరిసారి ఎప్పుడు, ఏం తిన్నారో నిజం చెప్పండి. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. వెన్నులో సూది వేసేటప్పుడు గడ్డం గుండెకు ఆనించి, వీపు విల్లులా వంచి కదలకుండా ఉండాలి. నొప్పి వస్తుంటే "ఆగండి" అని చెప్పొచ్చు. తాకడం, లాగడం తెలుస్తాయి, నొప్పి తెలియకూడదు. తెలిస్తే వెంటనే చెప్పండి. వికారం, కళ్లు తిరగడం బీపీ పడిపోతున్న గుర్తు, దానికి మందుంది. వణుకు మామూలే. ఐదు పది నిమిషాల్లో బిడ్డ బయటికొస్తుంది, కుట్లకే ఎక్కువసేపు పడుతుంది. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించమని అడగండి. తేనె, చక్కెరనీళ్లు వద్దు.

మత్తు దిగకముందే నొప్పి మాత్ర వేసుకోవాలి, ఆ తర్వాత టైమ్ ప్రకారం. మొదటిసారి లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, కాళ్లు కిందికి వేలాడేసి ఐదు నిమిషాలు కూర్చోండి. ఆ తర్వాతే, ఇద్దరి సాయంతో నిలబడండి. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. దగ్గు వస్తే కుట్లమీద దిండు అదిమి పట్టుకోండి. యూరిన్ పైపు తీశాక ఆరు గంటల్లోపు మూత్రం రాకపోతే చెప్పాలి. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వెన్ను సూదిది కావచ్చు, డాక్టరుకి చెప్పండి.

పత్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించడం మాత్రం తప్పు. మలబద్ధకమొస్తుంది, ముక్కితే కుట్లు లాగుతాయి. పప్పు, ఆకుకూర, గుడ్డు, కావలసినన్ని నీళ్లు ఇవ్వండి. కుట్లకు పసుపు, నూనె రాయకండి, పొడిగా ఉంచితే చాలు. గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, కుట్లనుంచి చీము కారినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, కళ్లు మసకలు కమ్మినా ఆస్పత్రికి వెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు.

డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ ఎందుకు చేశారో, గర్భసంచి మీద కోత అడ్డంగా పెట్టారా నిలువుగానా అన్నది రాయించుకోండి. చర్మం మీద మచ్చ చూస్తే అది తెలియదు. వచ్చేసారి మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చో లేదో తేల్చడానికి డాక్టరు ముందుగా అడిగేవాటిలో అదొకటి.