గోదావరి డెల్టా నుంచి గుహ డైవింగ్‌కి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి

కాలువలో ఈత నేర్చుకున్నవాళ్ళకి నీళ్ళంటే బెరుకు ఉండదు. అయితే గుహ డైవింగ్‌కి ఆ ధైర్యం ఒక్కటే చాలదు. సముద్రంలో ఏదైనా తేడా వస్తే నెమ్మదిగా పైకి తేలొచ్చు. గుహలో తల మీద రాయి ఉంటుంది, కాబట్టి ఎంత దూరం లోపలికి పోయారో అంత దూరమూ వెనక్కి ఈదితేనే బయటపడతారు. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో పిల్లలు చిక్కుకున్నప్పుడు థాయ్ నౌకాదళపు ప్రత్యేక దళమైన నేవీ సీల్స్ అక్కడే ఉన్నారు. అయినా పిల్లల జాడ కనిపెట్టింది రిక్ స్టాంటన్, జాన్ వొలాంథన్ అనే బ్రిటిష్ గుహ డైవర్లు. ఇది వేరే విద్య, వేరేగా నేర్చుకోవాలి.

ధవళేశ్వరం దిగువన మనది ఒండ్రు నేల. డైవింగ్‌కి పనికొచ్చే నీటి గుహలు ఎక్కువగా సున్నపురాయిలో ఏర్పడతాయి. బొర్రా, బేలం సున్నపురాయి గుహలే గాని నడిచి చూసేవి. అందుకని డెల్టాలో చేయగలిగింది గట్టు మీది సాధన మాత్రమే. సిలిండర్ కట్టుకుని నూతుల్లో, లాకుల దగ్గర, తూముల్లో, అక్విడక్టుల కింద మాత్రం దిగొద్దు. తూముకి అటూ ఇటూ నీటిమట్టంలో ఒక్క మీటరు తేడా ఉన్నా, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న కన్నం దగ్గర దాదాపు 90 కిలోల బలం మనిషిని దానికి అదిమి పట్టేస్తుంది. పైనుంచి చూస్తే నీళ్ళు కదులుతున్నట్టు కూడా ఉండదు.

ముందు మామూలు స్కూబా, అంటే సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం, నేర్చుకోవాలి. విశాఖ రుషికొండ, పుదుచ్చేరి, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లలో శిక్షణ దొరుకుతుంది. మొదటిది ఓపెన్ వాటర్, 18 మీటర్ల లోతు వరకు. తరవాతిది అడ్వాన్స్‌డ్, 30 మీటర్ల వరకు. ఆ రెండు కోర్సుల అర్హత కార్డులు రాగానే గుహ కోర్సుకి పరిగెత్తకండి. కనీసం 50 డైవ్‌లు, వీలైతే 100 అయ్యాక వెళ్తే కోర్సులో డబ్బుకి తగ్గ చదువు వస్తుంది. లేకపోతే తేలడం నేర్చుకోడానికే రోజులు అయిపోతాయి.

ఆ డైవ్‌లలో సాధించాల్సింది నిలకడ. 5 మీటర్ల లోతులో చేతులు ఆడించకుండా, నేలకి సమాంతరంగా, అర మీటరు కూడా పైకీ కిందకీ పోకుండా 5 నిమిషాలు ఆగగలగాలి. తరవాత మాస్క్ తీసి పెట్టుకుంటూ కూడా అలాగే ఆగాలి. కాళ్ళు కిందికి వాలిపోతుంటే ఎక్కువసార్లు కారణం నడుముకి కట్టిన సీసం ఎక్కువవడమే. డైవ్ చివర సిలిండర్‌లో 50 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) మిగిలి, బీసీడీ (గాలి నింపి తేలడాన్ని అదుపు చేసే జాకెట్టు) ఖాళీగా ఉన్నప్పుడు 3 నుంచి 5 మీటర్ల దగ్గర తేలిపోకుండా ఆగగలిగితే బరువు సరిపోయినట్టు. కాళ్ళని పైకీ కిందకీ కొట్టే అలవాటు మానుకుని, మోకాళ్ళు మడిచి కప్ప ఈతలా తన్నడం నేర్చుకోండి. ఉన్నచోటే గుండ్రంగా తిరగడం, వెనక్కి ఈదడం కూడా రావాలి. గుహ అడుగున ఒండ్రు రేగిందంటే, వరద గోదావరిలో కళ్ళు తెరిచినట్టే ఉంటుంది. అది తేరుకోడానికి గంటలు పట్టొచ్చు, మీ గాలి అంతసేపు ఆగదు.

ఫ్లోరిడా గుహల్లో జరిగిన మరణాలని అమెరికా గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ పరిశీలించి 1979లో మూడు కారణాలు తేల్చాడు: బయటి నీళ్ళ దాకా తెగకుండా సాగే తాడు లేకపోవడం, తిరుగుదారికి గాలి మిగుల్చుకోకపోవడం, మితిమీరిన లోతు. శిక్షణ లేకపోవడం, చాలినన్ని దీపాలు లేకపోవడం తరవాత చేర్చారు. నేటి కోర్సులన్నీ ఈ ఐదింటి చుట్టూనే తిరుగుతాయి.

గాలి లెక్క చూద్దాం. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఉందనుకోండి. మూడు భాగాలకి వీలుగా 180 తీసుకుంటే ఒక్కో వాటా 60 బార్. ఒక వాటా లోపలికి, ఒకటి బయటికి, ఒకటి జతగాడి కోసం. గేజ్ 140 చూపగానే వెనక్కి తిరగాలి, ఇద్దరిలో ఎవరిది ముందు 140కి చేరినా సరే. 60 బార్ అంటే 720 లీటర్లు. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాళ్ళు, 15 మీటర్ల లోతులో ఒత్తిడి రెండున్నర రెట్లు కాబట్టి, నిమిషానికి 50 లీటర్లు వాడతారు, అంటే లోపలికి వెళ్ళడానికి 14 నిమిషాలే. ఈ మూడో వంతు కూడా కనీస హద్దు మాత్రమే. అన్నిటికన్నా దూరంలో ఉండగా జతగాడి గాలి పోతే ఇద్దరూ మీ సిలిండర్ మీదే రావాలి. కంగారులో ఊపిరి వేగం పెరిగితే ఆ వాటా చాలదు. ప్రవాహం లోపలికి లాగే గుహల్లో వెళ్ళడం తేలిక, రావడం కష్టం. అక్కడ మూడో వంతు కంటే బాగా తక్కువకే తిరగాలి. జతగాళ్ళ సిలిండర్లు వేరు వేరు సైజులైతే బార్‌లలో కాదు, లీటర్లలో లెక్క కట్టండి.

తాడు పని నేర్చుకోడానికి మాత్రం కోనసీమ కొబ్బరితోటని మించిన చోటు లేదు. 2 మిల్లీమీటర్ల అల్లిక నైలాన్ దారం 50 మీటర్లు చేపల రేవు దగ్గర వలల దుకాణంలో కొనండి. మొదటి చెట్టుకి గట్టిగా కట్టండి. రెండు మీటర్లలో రెండో చెట్టుకి మళ్ళీ కట్టండి, ఒకటి ఊడినా రెండోది ఉంటుంది. అక్కణ్ణుంచి మోకాలి ఎత్తులో, వదులు లేకుండా, చెట్టు చెట్టుకీ చుట్టుకుంటూ పోండి. దారం వదులైతే గుహలో అది మనిషి పట్టని సందుల్లోకి జారిపోతుంది. కనపడనప్పుడు దాన్ని పట్టుకుని వెళ్తే మీరూ అక్కడే ఇరుక్కుంటారు. బట్టల క్లిప్పులు బాణం గుర్తులుగా పెట్టండి. బాణం ఎప్పుడూ దగ్గరి ద్వారం వైపే చూపాలి. ఇప్పుడు కళ్ళకి గంతలు కట్టుకుని, బొటనవేలు, చూపుడువేలు ఉంగరంలా చేసి దారం చుట్టూ ఉంచి, లాగకుండా బయటికి నడవండి. తరవాత జతగాడు మీ చెయ్యి పట్టుకుని వెనక రావాలి: ముందుకి తోస్తే నడవమని, నొక్కితే ఆగమని.

సరంజామా కొనడానికి తొందరపడొద్దు. మొదటి కోర్సుకి చాలావరకు అద్దెకి దొరుకుతుంది. సొంతంగా ఉంటే మంచివి మీకు సరిపోయే మాస్క్, గట్టి ఫిన్స్ (కాళ్ళకి తొడిగే రెక్కలు), డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపే పరికరం), దీపాలు. దీపాలు మూడు ఉండాలి: ఒకటి పెద్దది, రెండు చిన్నవి. ఒక్కటి ఆరినా డైవ్ అక్కడితో ఆపి తిరిగిరావాలి.

గుహ శిక్షణ మూడు మెట్లు: కావెర్న్, ఇంట్రో, పూర్తి గుహ. కావెర్న్‌లో పగటి వెలుగు కనిపించేంత వరకే. పాడీ అనే శిక్షణ సంస్థ పెట్టిన హద్దు నీటిపై నుంచి లోతు, దూరం కలిపి 40 మీటర్లు, వయసు 18 నిండాలి. టీడీఐ, ఐఏఎన్‌టీడీ, ఎన్ఎస్ఎస్-సీడీఎస్, జీయూఈ సంస్థలు పై మెట్లు నేర్పుతాయి. ఎక్కువమంది వెళ్ళేది మెక్సికోలోని తులుమ్ చుట్టుపక్కల సెనోటేలకి (నీళ్ళు నిండిన సున్నపురాయి గుంటలకి), ఉత్తర ఫ్లోరిడా ఊటలకి. సెనోటేలలో గైడు వెంట తిప్పి చూపించే డైవ్‌లు శిక్షణ కిందికి రావని గుర్తుంచుకోండి.

శిక్షకుడి పేరు ముందుగా ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి, గుహ స్థాయిలోనే బోధనార్హత ఉందో లేదో చూడండి. ఓపెన్ వాటర్ శిక్షకుడి కార్డు ఇక్కడ చెల్లదు. ఒక జట్టులో ఎంతమంది విద్యార్థులు అని అడగండి. ముగ్గురికి మించితే ఇంకొకరిని చూసుకోండి. పాఠం చెప్పని రోజుల్లో ఆయన గుహల్లోకి వెళ్తాడా, కోర్సులో తప్పినవాళ్ళు ఉంటారా అని కూడా అడగండి. ఎవరూ తప్పరని, కార్డు ఖాయమని మాటిచ్చేవాళ్ళని వదిలెయ్యండి. రుసుములో గాలి నింపడం, ప్రవేశ టికెట్లు, అద్దె కలిశాయో లేదో రాయించుకోండి. అనుకున్న రోజుల కన్నా రెండు మూడు రోజులు అదనంగా పెట్టుకుంటే ఒక మెట్టు మళ్ళీ చేయమన్నా కంగారు ఉండదు. తిరుగు విమానానికి, చివరి డైవ్‌కి మధ్య కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు ఉంచండి.

టికెట్ల కన్నా ముందు డైవింగ్ వైద్య ప్రశ్నావళి తెప్పించుకుని నింపండి. ఉబ్బసం, చెవి ఆపరేషన్, గుండె జబ్బు వంటి వాటిలో ఒక్కదానికి అవునని రాసినా డాక్టరు సంతకం లేకుండా నీళ్ళలోకి దింపరు. రాజమండ్రిలోనో కాకినాడలోనో పరీక్షలు చేయించుకుని, ఆ కాగితం చేతికొచ్చాకే బయానా కట్టండి.