క్రికెట్ కుర్రాళ్లకి బేస్‌బాల్ నేర్పడం ఎలా: ఆట మానేసి కాలేజీ కోచ్ అవుతున్నవాళ్లకి

మైనర్ లీగుల్లో (పెద్దదైన మేజర్ లీగ్‌కి కింది అంచెలు) ఏళ్లకేళ్లు ఆడి, పైకి పిలుపు రాక కాలేజీ కోచ్‌లైనోళ్లు అమెరికాలో బోలెడుమంది. ఆగీ గారిడో అని ఒకాయన క్లీవ్‌ల్యాండ్ వాళ్ల మైనర్ లీగ్ టీముల్లో ఆరేళ్లు ఆడాడు, మేజర్ లీగ్ మొహం చూడలేదు, కోచ్ అయ్యాక మాత్రం ఫుల్లర్టన్ యూనివర్సిటీకి మూడు, టెక్సస్ యూనివర్సిటీకి రెండు నేషనల్ టైటిళ్లు కొట్టించాడు, మొత్తం 1975 గెలుపులు. కాకపోతే ఆయన దగ్గరికొచ్చిన పిల్లలు గ్లవ్‌తో పెరిగినోళ్లు. వైజాగ్‌లో మీ దగ్గరికొచ్చేవాళ్లు మాత్రం పక్కా క్రికెట్ బాపతు, కాబట్టి మీరెంత బాగా ఆడేవారో చూపించడం పక్కనపెట్టి ముందు వాళ్ల అలవాట్లు గమనించండి.

ముందు పీడీ సార్‌ని కలిసి గ్రౌండ్ టైమింగ్ ఖాయం చేసుకోండి, ఏయూ గ్రౌండ్ అయినా ఇంకోటైనా క్రికెట్ బ్యాచ్‌లు ఉండనే ఉంటాయి. పొద్దున్నే ఐదున్నరకి మొదలెట్టేస్తే మంచిది, ఎండాకాలం ఎనిమిది దాటితే ఆ ఉక్కపోతకి ఎవడూ నిలబడలేడు.

గ్లవ్‌తోనే అసలు తంటా. మనోడు రెండు చేతులూ దగ్గరపెట్టి బాల్‌ని లాక్కుంటూ పడతాడు కదా, గ్లవ్ వేసుకున్నా అదే చేస్తాడు, ఖాళీ చేయి బాల్‌కి అడ్డమొచ్చి వేళ్లు వాచిపోతాయి. మొదటి వారం టెన్నిస్ బాల్ చాలు. గ్లవ్ తెరిచి ముందుకి, రెండో చేయి పక్కన, బాల్ లోపల పడ్డాకే ఆ చేయి మూత పడాలి. కొత్త గ్లవ్ చెక్కలా ఉంటే లోపల బాల్ పెట్టి తాడుతో కట్టి రాత్రంతా వదిలేయండి. ప్రాక్టీస్ అయ్యాక చెమట గ్లవ్‌ని కిట్ బ్యాగ్‌లో కుక్కొద్దు, మన సముద్రం గాలికి బూజు పట్టేస్తుంది, నీడలో ఆరబెట్టండి.

పిచర్ (బ్యాటర్‌కి బాల్ విసిరేవాడు) కోసం ఫాస్ట్ బౌలర్ వెంటపడకండి. రనప్ లేకపోతే చాలామందికి సగం స్పీడ్ పోతుంది. నా లెక్కలో బౌండరీ నుంచి కీపర్ చేతిలోకి ఫ్లాట్‌గా విసిరేవాడే మీ పిచర్. పిచర్ నుంచి బ్యాటర్ దగ్గరున్న హోమ్ ప్లేట్‌కి దూరం 18.44 మీటర్లు, క్రికెట్ పిచ్ కంటే తక్కువే, పైగా బాల్ 142 నుంచి 149 గ్రాములే, మన లెదర్ బాల్ 156కి తగ్గదు. తేలిగ్గా ఉంది కదా అని కుర్రాళ్లు భుజం బలమంతా పెట్టి విసిరేస్తారు, మర్నాడు చెయ్యి లేవదు. ఎవడు ఎన్ని వేశాడో నోట్‌బుక్‌లో రాయండి, ఆపమన్నప్పుడు ఆపాల్సిందే, "ఇంకొక్కటి సార్" అన్నా సరే.

బ్యాటింగ్‌లో స్వీప్, లేట్ కట్ అన్నీ ఇక్కడ ఫౌలే, సున్నం గీతల మధ్యే కొట్టాలి, ఇది రెండ్రోజుల్లో ఎక్కేస్తుంది. ఎక్కనిది పరుగు. గ్రౌండర్ (నేల మీద దొర్లే బాల్) కొట్టి, ఫీల్డర్‌ని చూసి, "నో నో" అని అరిచి అక్కడే నిలబడిపోతాడు! ఫెయిర్‌గా, అంటే ఆ గీతల మధ్య కొట్టాక పరిగెత్తడం తప్పదు, బ్యాట్ అక్కడే వదిలేయాలి, ఫస్ట్ బేస్ (పరిగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ) దాటి వెళ్లిపోయినా పర్లేదు. దీనికి బాల్ లేకుండా స్వింగ్, బ్యాట్ కింద, పరుగు, ఇదొక్కటే రోజూ చేయించండి.

సెకండ్ బేస్‌కి స్లైడింగ్ (నేల మీద జారుతూ బేస్ చేరడం) మాత్రం గట్టి నేల మీద మొదలెట్టొద్దు, మోకాళ్లు చెక్కుకుపోతాయి. ఆదివారం పొద్దున్న జనం లేని టైంలో ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి, అలలకి దూరంగా పొడి ఇసుకలో చేయించండి, ఒక కాలు మడిచి కూర్చున్నట్టు జారాలి, చేతులు పైకి. చేయి కింద ఆనించాడో మణికట్టు పోతుంది.