బొమ్మలో కుందేలు కనిపిస్తే చదవడం ఎలా?

చిత్రంలోనో శిల్పంలోనో కుందేలు కనిపించగానే దాని అర్థం కోసం వెతకకుండా, ముందు దాని పక్కన ఏముందో చూడాలి. అదే కుందేలు ఒకచోట త్యాగానికి, ఇంకొకచోట కామానికి, మరొకచోట అమరత్వానికి గుర్తవుతుంది. ఆ తేడాను పట్టించేది దాని చుట్టూ ఉన్నవే.

మొదట చంద్రబింబం కోసం చూడండి. శశి, శశాంకుడు అన్న పేర్లలోని శశం కుందేలే కనుక ఈ సంకేతం మనకు కొత్తది కాదు. పున్నమి చంద్రుడు తూర్పున పొడిచేటప్పుడు మచ్చల్లోని కుందేలు చెవులు పైకి ఉంటాయి, పడమట వాలేసరికి తలకిందులవుతాయి. ఒక్క రాత్రి మేలుకుంటే మీరే చూడవచ్చు.

కుందేలు పక్కన నిప్పు, బ్రాహ్మణుడు ఉంటే అది శశ జాతకం, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథల్లో కుందేలు కథ. అతిథికి పెట్టడానికి గడ్డి తప్ప ఏమీ లేని కుందేలు తన శరీరాన్నే ఆహారంగా ఇవ్వడానికి సిద్ధపడి, తన బొచ్చులోని పురుగులు కాలిపోకూడదని మూడుసార్లు ఒళ్ళు దులుపుకుని మరీ నిప్పులో దూకుతుంది. ఆ నిప్పు మంచులా చల్లగా ఉంటుంది, ఎందుకంటే బ్రాహ్మణుడి వేషంలో వచ్చినవాడు శక్రుడు, అంటే ఇంద్రుడు. అతడు కొండను పిండి, ఆ రసంతో చంద్రుడి మీద కుందేలు బొమ్మ గీస్తాడు. కోతి, నక్క, నీటికుక్క కూడా కనిపిస్తే ఇక సందేహం అక్కరలేదు. ఏనుగులు, కొలను ఉంటే మాత్రం అది పంచతంత్ర కథ; అక్కడి కుందేలు త్యాగి కాదు, నీటిలోని చంద్రుడి నీడను చూపి ఏనుగును బెదరగొట్టిన గడుసరి.

రోలు, రోకలి ఉంటే తూర్పు ఆసియా వైపు చూడాలి. చైనా కుందేలు చంద్రుడిలో అమరత్వపు మందు నూరుతుంది, జపాన్ కుందేలు బియ్యపు ముద్ద దంచుతుంది. చైనాలోని మావాంగ్‌దుయ్ సమాధిలో 1972లో దొరికిన హాన్ వంశపు రాజుల కాలం నాటి పట్టు పటంలో నెలవంక మీద కప్ప, కుందేలు, ఎదురు మూలన ఎర్రటి సూర్యుడిలో కాకి ఉన్నాయి. అందుకే పటాన్ని మూల నుంచి మూలకు చూడడం అలవాటు చేసుకోవాలి.

మూడు కుందేళ్ళు వలయంగా పరుగెత్తుతుంటే చెవులు లెక్కపెట్టండి. మొత్తం మూడే ఉంటాయి, అయినా ప్రతిదానికీ రెండేసి ఉన్నట్టే కనిపిస్తాయి. ఈ బొమ్మ చైనాలోని దున్‌హువాంగ్ బౌద్ధ గుహల కప్పుల మీదా, ఇంగ్లండ్‌లోని డెవన్ చర్చిల్లోనూ ఉంది. చెక్కినవారు దీని అర్థం రాసిపెట్టలేదు కనుక, ఇది ఫలానాదేనని తీర్మానించేవారిని చూస్తే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న సామెత గుర్తొస్తుంది.

యూరప్ చిత్రాల్లో పక్కన ఎవరున్నారో చూస్తే చాలు. సుమారు 1530లో ఇటలీ చిత్రకారుడు టిషన్ వేసిన చిత్రంలో ఏసు తల్లి, కన్య మరియ చేతి కింద ఉన్న తెల్ల కుందేలు పవిత్రతకు గుర్తు. కుందేలు జత లేకుండానే ఈనుతుందని పూర్వులు నమ్మేవారు. మరో ఇటలీ చిత్రకారుడు పియెరో ది కోసిమో చిత్రంలో ప్రేమదేవత వీనస్ పక్కన చేరిన తెల్ల కుందేలు ప్రేమకూ కామానికీ గుర్తు.

పక్కన ఏమీ లేకపోతే అర్థం అంటగట్టకండి. 1502లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ నీటి రంగులతో వేసిన కుందేలు చుట్టూ ఉన్నది ఖాళీ కాగితమే. దాని కంటిపాపలో మెరిసే చిన్న కిటికీ నీడను దగ్గరగా చూడండి. నా మట్టుకు ఆ చిత్రంలో చూడవలసింది అదే.