అడ్వాన్సు భారం లేకుండా ఇల్లు అద్దెకు ఇవ్వడం, తీసుకోవడం ఎలా?

తిరుపతిలో ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు అద్దె విని తల ఊపుతారు, అడ్వాన్సు విని వెనక్కి తిరుగుతారు. 10,000 అద్దెకు ఐదు నెలల అడ్వాన్సంటే 50,000. స్విమ్స్‌లో కొత్తగా చేరిన నర్సు, ఎస్వీ యూనివర్సిటీలో పరిశోధన చేసే విద్యార్థి మొదటి జీతం, మొదటి ఫెలోషిప్పు చేతికి రాకముందే అంత డబ్బు ఎక్కడ తెస్తారు?

బైరాగిపట్టెడలో మా మేడమీది రెండు పోర్షన్లను 18 ఏళ్లుగా అద్దెకు ఇస్తున్నాను. మొదట్లో నేనూ ఆరు నెలల అడ్వాన్సు తీసుకున్నాను. ఇప్పుడు ఒక్క నెల అద్దె, ఒక పూచీదారు సంతకం తీసుకుంటున్నాను. ఈ పద్ధతిలో ఇప్పటివరకు రూపాయి పోలేదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన మాదిరి అద్దె చట్టం, నివాసానికి ఇచ్చే ఇంటికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదంటుంది. అది మాదిరి మాత్రమే. రాష్ట్రం తన చట్టంలోకి తెచ్చుకుంటేనే కట్టుబడి ఉండాలి. అయినా ఆ లెక్క న్యాయమైనది. మిగతా భయానికి పూచీ చాలు.

1. కాగితాలు

స్టాంపు కాగితం మీద 11 నెలల ఒప్పందం, ఇద్దరి ఆధార్ నకళ్లు, ఇద్దరు సాక్షులు. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్నే తప్పనిసరిగా రిజిస్టర్ చేయించమంటుంది, అందుకే అందరూ 11 నెలలు రాసుకుంటారు. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తర్వాత 11 నెలల ఒప్పందాన్నీ రిజిస్టర్ చేయించాల్సిందే. ఒప్పందం తెలుగులోనే ఉండాలి. అర్థం కాని భాషలో సంతకం పెట్టించడం తప్పు.

2. ఫోటోలు

సామాను దించకముందే, పగటి వెలుతురులో, యజమాని, అద్దెకు వచ్చినవారు కలిసి తీయాలి. గోడల్లో మేకు రంధ్రాలు, సింకు కింద చెమ్మ, కుళాయి మూతి చుట్టూ ఉప్పునీళ్లు కట్టిన తెల్లటి పెచ్చు, కరెంటు మీటరు రీడింగు, ఏదీ వదలకండి. అప్పటికప్పుడు వాట్సాప్‌లో పంపుకుంటే తేదీ కూడా నిలిచిపోతుంది. ఉద్యోగరీత్యా చిత్తూరులో ఉన్నప్పుడు మేము ఇల్లు ఖాళీ చేసిన రోజు యజమాని హాలు గోడకు మూడు రంధ్రాలు చూపించి, రంగుల ఖర్చని 8,000 పట్టుకున్నాడు. వాటిలో రెండు మేము చేరకముందే ఉన్నవి. ఒక్క ఫోటో ఉంటే ఆ డబ్బు మాకు తిరిగి వచ్చేది.

3. పూచీదారు

ఊళ్లోనే ఉండాలి. నెల్లూరులో ఉన్న మేనమామ ఎంత ఆస్తిపరుడైనా వద్దు. నెలజీతం ఉన్నవారో, సొంత దుకాణం ఉన్నవారో కావాలి. అద్దెకు వచ్చే కుర్రవాడి స్నేహితుణ్ణి ఎప్పుడూ ఒప్పుకోకండి, వాళ్లిద్దరూ ఒకేసారి ఊరు మారతారు.

4. పూచీ పత్రం: అందరూ తప్పు చేసేది ఇక్కడే

ఒప్పందం చివర "పై వ్యక్తికి నేను పూచీ" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టించేవాళ్లను ఎందరినో చూశాను. ఆ ఒక్క వాక్యంలో ఇద్దరికీ ప్రమాదం ఉంది.

1872 నాటి ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే విధంగా రాసుకోకపోతే పూచీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. అతను లక్ష బాకీ పడితే పూచీ పడ్డవారూ లక్షకు బాధ్యులే. సాయం చేద్దామని వచ్చిన మనిషి మెడకు ఇంత చుట్టకూడదు. అందుకని పత్రంలో పరిమితి స్పష్టంగా ఉండాలి: "అద్దె బకాయి, కరెంటు బిల్లు, చేరిన రోజు ఫోటోల్లో లేని నష్టం, ఈ మూడూ కలిపి 30,000 రూపాయలకు మించకుండా." అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. మూడు నెలల అద్దెకు మించి రాయించుకోవద్దు.

తర్వాత గడువు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లోపు డబ్బు అడగాలి, రెండూ ఉండాలి. నేను 30 రోజులు రాస్తాను.

ఇక అన్నిటికంటే పెద్ద పొరపాటు రెన్యువల్ దగ్గర జరుగుతుంది. మా వీధిలో ఒకాయన 11 నెలలు కాగానే అద్దె 9,000 నుంచి 10,000 చేసి, అద్దెకున్నతనితో మాత్రమే సంతకం చేయించుకున్నాడు. పూచీదారుకు కబురైనా చెప్పలేదు. అద్దెకున్నతను మూడు నెలల బాకీ పెట్టి వెళ్లిపోయాడు. పూచీదారును అడిగితే, "నేను సంతకం పెట్టింది తొమ్మిది వేల అద్దెకు, ఆ 11 నెలలకు" అన్నాడు. న్యాయం ఆయన వైపే ఉంది. పూచీదారు ఒప్పుకోలు లేకుండా షరతులు మారిస్తే, ఆ మార్పు తర్వాతి లావాదేవీలకు ఆయన బాధ్యత తీరిపోతుందని అదే ఒప్పందాల చట్టం 133వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి అద్దె వంద రూపాయలు పెరిగినా, గడువు నెల పెరిగినా, పూచీదారు మళ్లీ సంతకం పెట్టాలి. ఫోనులో "సరే" అంటే చాలదు.

ఇంకొకటి. నెలనెలా సాగే ఇలాంటి పూచీని, ముందుముందు వచ్చే బాకీల వరకు, పూచీదారు నోటీసు ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు. వేరే విధంగా రాసుకోకపోతే ఆయన మరణంతోనూ అది ఆగుతుంది. యజమానులు ఆరు నెలలకొకసారైనా ఆయనను పలకరిస్తూ ఉండాలి.

సంతకానికి ముందు పత్రం మొత్తం ఆయనకు బిగ్గరగా చదివి వినిపించండి. ఆయన కట్టిన డబ్బును అద్దెకున్నవారి దగ్గర తిరిగి రాబట్టుకునే హక్కు ఆయనకు ఉందని కూడా చెప్పండి. ఇవన్నీ విని వద్దన్నవారు వెళ్లిపోతే మంచిదే, రేపు మాట తప్పడం కంటే అదే మేలు.

మిగతా పద్ధతులు ఎందుకు వద్దంటున్నానంటే

రాబోయే నెలల తేదీలు వేసిన చెక్కులు కొందరు తీసుకుంటారు. చెక్కు వేసిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది, తిరిగొస్తే కోర్టు చుట్టూ తిరగాలి. బ్యాంకు గ్యారంటీ, అంటే బ్యాంకే పూచీ పడడం, దుకాణాలకు బాగుంటుంది. ఇంటికైతే బ్యాంకు సాధారణంగా మార్జిన్ డిపాజిట్ (హామీగా ముందే కట్టే సొమ్ము), కమిషన్ అడుగుతుంది, చేతిలో డబ్బు లేనివారికి అందువల్ల ఉపయోగం లేదు. పూచీ మీద నమ్మకం కుదరని యజమానులు రెండు నెలల అడ్వాన్సును పది వాయిదాల్లో తీసుకోవచ్చు, అందులో అన్యాయం లేదు.

భోగ్యం మాత్రం వద్దు. మన జిల్లాల్లో దీన్ని లీజు అని కూడా అంటారు. 5 లక్షలు ఇచ్చి అద్దె లేకుండా ఉండడం పైకి లాభంగానే కనిపిస్తుంది. ఆ డబ్బును యజమాని ఎక్కడో ఖర్చు పెట్టుకుంటాడు, కొత్తగా భోగ్యానికి వచ్చేవారు దొరికేదాకా మీ డబ్బు మీకు రాదు. ఇల్లు అంతకుముందే బ్యాంకు తాకట్టులో ఉంటే బ్యాంకు తర్వాతే మీరు. తప్పదనుకుంటే ఈసీ (ఇంటి మీద తాకట్లు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయించి చూసి, స్వాధీన తనఖాగా, అంటే డబ్బు తిరిగి వచ్చేదాకా ఇల్లు మీ స్వాధీనంలో ఉండే తాకట్టుగా, రిజిస్టర్ చేయించుకోండి.

5. ఖాళీ చేసే రోజు

పాత ఫోటోలు చేతిలో పట్టుకుని గదిగది తిరగండి, మీటరు రీడింగు రాసుకోండి, లెక్క అక్కడికక్కడే తేల్చుకోండి. గోడ రంగు వెలిసిపోవడం నష్టం కాదు, కాలంతో జరిగేదే. దానికి ఎవరినీ డబ్బు అడగకూడదు. బాకీ లేకపోతే పూచీ పత్రం మీద "బాకీ లేదు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి అసలు ప్రతిని పూచీదారుకు ఇచ్చేయాలి. నేనైతే తాళాలు చేతికి వచ్చిన సాయంత్రమే వాళ్ల ఇంటికి వెళ్లి ఇచ్చి వస్తాను.